ఇరవై ఎంచేదాకా

మద్దిలేటి కారులో కూర్చుని, డాష్‌బోర్డు బొత్తాము మీద బొటనవేలు నొక్కిపెట్టి ఎంచుతున్నాడు. పదకొండు, పన్నెండు. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. హిందూపురంలో డిసెంబరు చలికి కారు అద్దం మసకబారి ఉంది. తుడవడానికి తెచ్చిన పాత లుంగీ ముక్క ఎడమచేతిలో అలాగే ఉండిపోయింది. ఇరవై కాగానే తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, అందుకుంది. అతను మెల్లగా దిగి, వెనక చక్రానికి అడ్డం పెట్టిన రాయి తీసి సీటు కింద పెట్టుకున్నాడు. నడుము పట్టేసింది. కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, మళ్ళీ ఎక్కాడు.

అది వెనకభాగం పొడుగ్గా ఉన్న డీజిల్ ఎస్టేటు కారు. యజమాని సురేంద్ర వాళ్ళ నాయన తొంభై మూడులో కొన్నాడు. హిందూపురంలో తీయించిన పట్టునూలు పెనుకొండ మీదుగా ధర్మవరం మగ్గాలకు చేరవేయడం దాని పని, మద్దిలేటి పని. వెనక సీటు మొదటి వారమే ఊడదీసి, ఆ చోట చెక్క పరిచారు. ఎన్నిసార్లు కడిగినా దానికి ఉడికిన పట్టుపురుగు వాసన పోలేదు. అదే వాసన మద్దిలేటి చొక్కాలకూ ఉండేది.

మెకానిక్కు దగ్గరికి ఆ కారు పోయింది తక్కువ. మొదట్లో పోయినప్పుడు మద్దిలేటి పక్కన నిలబడి చూశాడు. తర్వాత స్పానర్లు కొనుక్కున్నాడు. డీజిలు ఫిల్టరు మార్చడం, పైపుల్లో చేరిన గాలిని బుడగలు ఆగేదాకా చేత్తో పంపు కొట్టి వెళ్ళగొట్టడం, పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకూ మరో కొస చెవికీ ఆనించి ఏ సిలిండరు నలతగా ఉందో వినడం, అన్నీ అట్లా వచ్చినవే. బరువుకు వెనక కుంగుతుంటే పాత జీపు స్ప్రింగు పట్టీ ఒకటి అదనంగా వేశాడు. ఇంజను ఆపే మీట పనిచేయకపోతే సైకిలు బ్రేకు వైరు లాగి కట్టాడు. ఇంజను వేడెక్కించే హీటరు ప్లగ్గులకు ఒక కాలింగ్ బెల్లు బొత్తాము బిగించాడు. ఇన్ని చేశాక కారు బాగానే నడిచింది. కానీ అతను తప్ప ఇంకెవరూ దాన్ని స్టార్టు చేయలేకపోయేవారు.

వచ్చే నెలతో కారుకు పదిహేనేళ్ళు. సురేంద్ర చిన్న లారీ తెచ్చుకున్నాడు. దానికి పడుచు డ్రైవరు కూడా వచ్చాడు. ఎస్టేటును ముదిగుబ్బ నుంచి వచ్చిన జయప్రకాష్, భారతి దంపతులు పోయిన వారం చూసి పోయారు. భారతి నర్సు. చుట్టుపక్కల పల్లెల రోగులను ధర్మవరానికో అనంతపురానికో చేర్చడానికి ఒక బండి కావాలని ఆమె పట్టు. మద్దిలేటి బొత్తాము నొక్కి ఎంచడం చూసి ఆమె నవ్వలేదు.

"కాన్పు నొప్పులు పడే మనిషిని వెనకేసుకోని ఈయన ఒకటీ రెండూ అని పాఠం చదవల్లనా? తాళం తిప్పితే పోవాల పెద్దాయనా. ఇంజను చల్లారినాక మళ్ళా వచ్చి చూస్తాం. మా ఆయన చేతికి లేస్తేనే మాకు, లేదంటే వద్దు."

వాళ్ళు పోయాక సురేంద్ర అన్నాడు, "చూడు మద్దిలేటన్నా. సోమవారం సాయంత్రం దాకా ఆగుతా. వాళ్ళు వద్దంటే పాత ఇనుము కొనే గుజిరీవాడు వస్తాడు. గ్యాసు పెట్టి కోసుకోని పోతాడు. నాకు ఆ జాగా కావాల."

ఈ రోజే సోమవారం.

పెనుకొండ దగ్గర, రోడ్డుకు కొండ బాగా దగ్గరగా వచ్చే చోట, మద్దిలేటి వేగం తగ్గించాడు. రోజూ తగ్గిస్తాడు. ఆగడు. తొమ్మిదేళ్ళ కిందట ఇట్లాంటి చలికాలం తెల్లవారుజామున అతని భార్య నారాయణమ్మ వెనక నూలు సంచుల మీద పడుకుని ఉంది. గుండెనొప్పికి అనంతపురం తీసుకుపొమ్మని హిందూపురం డాక్టరు చెప్పాడు. హీటరు ప్లగ్గులకు కరెంటు పంపే టైమరు డబ్బా ఆ రాత్రే కాలిపోయింది. అతనికి తెలియదు. ఎనిమిదిసార్లు సెల్ఫు కొట్టేసరికి బ్యాటరీ దిగిపోయింది. వీధిలోవాళ్ళు లేచి వచ్చి తోశారు. అరగంట పోయింది. "నిదానంగా చెయ్యి. నేను యాడికి పోతా," అన్నది ఆమె లోపలి నుంచి. పెనుకొండ కనపడే చోట వెనక్కి తిరిగి పిలిస్తే పలకలేదు.

దినాలైన మర్నాడు అతను ఇంటి గోడకున్న కాలింగ్ బెల్లు బొత్తాము ఊడదీశాడు. అది ఆమె అడిగి పెట్టించుకున్నదే. "నువ్వు తలుపు బాదితే పక్కింటోళ్ళు లేచి తిడతాండారు," అనేది. మోకాళ్ళ నొప్పుల మనిషి. అతను బొత్తాము నొక్కి, ఊసుపోక ఎంచుకుంటూ నిలబడితే, ఇరవైకి అటూ ఇటూగా లోపల గడియ తీసిన చప్పుడయ్యేది. ఇక ఆ ఇంట్లో గడియ తీసేవాళ్ళు లేరు. బొత్తామును కారులో పెట్టుకున్నాడు.

ధర్మవరంలో నూలు దించేసరికి పది దాటింది. కారును సురేంద్ర షెడ్డులోకి తోలి ఇంజను ఆపాడు. తర్వాత మధ్యాహ్నం దాకా బానెట్ కిందే ఉన్నాడు. నాలుగు ప్లగ్గులు కొత్తవి బిగించాడు. సైకిలు వైరు తీసేసి, ఇంజను ఆగే సరైన మీట పెట్టాడు. అటక మీద పదిహేనేళ్ళుగా గోనెపట్టా చుట్టి ఉన్న వెనక సీటు దించి దులిపాడు. పడుకోబెట్టే మనిషికి జాగా ఉండేటట్టు దాన్ని ఒక పక్కకు బిగించాడు. ఆఖరుకు బిస్కెట్ల డబ్బా తెరిచి, అందులోంచి గుడ్డలో చుట్టిన టైమరు తీశాడు.

సురేంద్ర వచ్చి చూశాడు. "ఇది యాడిదన్నా?"

"గుజిరీలో దొరికె. ఆరేండ్లాయ."

"ఆరేండ్లా? మరి బిగించకపోతివే?"

మద్దిలేటి టైమరును దాని పాత చోట బిగించాడు. బొత్తాము వైర్లు కత్తిరించి, రెండు మరలు విప్పి, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఐదింటికి వాళ్ళు వచ్చారు. భారతి నేరుగా వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది.

"పొద్దున్నుంచి స్టార్టు చేయలేదమ్మా," అన్నాడు మద్దిలేటి.

"నమ్మక కాదులే పెద్దాయనా. జ్వరాలు చూసే చెయ్యి కదా, ఊరికే ఉండదు. చల్లగానే ఉండాది."

జయప్రకాష్ ఎక్కి కూర్చుని డాష్‌బోర్డు తడిమాడు. "ఆ బొత్తాము యాడ?"

"లేదప్పా. తాళం సగం తిప్పు. ఎర్రదీపం వెలుగుతాది. అది ఆరిపోతానే మిగతా సగం తిప్పు."

"ఎంచేది లేదా?"

"లేదు. అదే ఎంచుకుంటాది."

"నువ్వు ఆ గేటుకాడ నిలబడు పెద్దాయనా," అంది భారతి. "నువ్వు పక్కనుంటే నీ మీద మర్యాదకు లేస్తాదేమో."

మద్దిలేటి గేటు దాకా నడిచి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాడు. జేబులో బొత్తాము మీదికి వేలు దానంతట అదే పోయింది. తాళం టిక్కుమన్న చప్పుడు వినపడింది. ఒకటి, రెండు. తొమ్మిది, పది. పదమూడు దగ్గర ఇంజను లేచింది. ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

అతను ఎంచడం ఆపలేకపోయాడు. పద్నాలుగు, పదిహేను. వెనక భారతి ఏదో అంటోంది, సురేంద్ర నవ్వుతున్నాడు. ఇరవై దాకా ఎంచి, తర్వాత తిరిగాడు.

సీటు కింది రాయి తీసి కారు వెనక భాగంలో పెట్టబోయాడు. "ఎత్తు మీద నిలిపితే హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్మొద్దు."

"మా ముదిగుబ్బలో రాళ్ళు లేవా పెద్దాయనా?" అంది భారతి. అయినా చేతుల్లోకి తీసుకుని తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "మా పక్కకు వస్తే ఇంటికి రా. అన్నం తిని పోదువు."

కారు గేటు దాటి ముదిగుబ్బ దారికి మళ్ళింది. గేరు మార్చడం కొంచెం ఆలస్యమైంది. వాళ్ళే నేర్చుకుంటారు.

సాయంత్రం ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండ వచ్చినప్పుడు మద్దిలేటి కళ్ళు మూసుకున్నాడు. రైలు తన ఇష్టానికి ఆగింది, తన ఇష్టానికి కదిలింది.

హిందూపురంలో ఇంటి ముందు నిలబడి తాళం తీశాడు. లోపలికి పోలేదు. స్క్రూడ్రైవరు తీసి, తలుపు పక్క గోడకున్న రెండు పాత రంధ్రాల్లో మరలు పెట్టి తిప్పాడు. సున్నం కొంచెం రాలింది. మరలు పట్టుకున్నాయి. కత్తిరించిన వైరు ముక్కలు రెండు కిందికి వేలాడుతున్నాయి. తెల్లటి పలక మధ్యలో నల్ల బొత్తాము, బొటనవేలంత మేర గుంటపడి, నున్నగా అరిగి ఉంది.