ఆపిన దెబ్బ

టైర్ల షాపు మీద మేడగదిలో సాయంత్రం కరాటే క్లాసు అయిపోయాక కూడా ఎవరూ వెంటనే ఇంటికి పోయేవాళ్ళు కాదు. ముందు ఎవరి దెబ్బలు వాళ్ళు వెనక్కి తీసుకోవాలి. ఎదుటివాడి ఒంటికి తగలకుండా వేలెడు దూరంలో ఆపిన దెబ్బ ఎక్కడికీ పోదు కదా, ఆపినచోటే గాలిలో ముద్దలా నిలబడి ఉంటుంది. కంటికి ఆనదు గానీ తడిమితే చేతికి తగులుతుంది. వేసినవాడు దానికి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడితే, అది చేతిలోంచి భుజంలోకి ఎక్కి కరిగిపోతుంది. ఆ పూటంతా భుజం సలుపుతుంది. కింద టైర్ల షాపాయన ఏదైనా పని మీద పైకొస్తే, "తీసేశారా బాబూ?" అని అడిగి మరీ లోపల అడుగు పెట్టేవాడు.

"తిన్న కంచం ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి," అనేవాడు మాస్టారు. "వేసినవాడు తియ్యకపోతే, అది ఎవరి మీదకి వేశాడో వాళ్ళే వచ్చి తియ్యాలి. మూడోవాడి వల్ల కాదు. అయితే వాళ్ళు తీస్తే మాత్రం అది నిజంగా తగిలినట్టే. ఆపైన వేసినవాడి చేతిలో ఇక దెబ్బ మిగలదు."

ఆ గదిలో అందరికంటే శుభ్రంగా దెబ్బలు వెనక్కి తీసుకునేది ఓ అక్కా తమ్ముడూ. అక్క సిటీ బస్సులో కండక్టరు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ ఉద్యోగంతోనే. బస్సు ఎంత కిక్కిరిసినా వెనక తలుపు దగ్గర్నుంచి ఆవిడ "రైట్" అందంటే పక్క రోడ్డులో బస్సు కూడా కదిలేదని డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు ఆ గదికి సినిమా డైరెక్టరొచ్చాడు. "తాళ్ళు కట్టి ఎగరేసే ఫైట్లు చూసి జనానికి మొహం మొత్తింది. నాకు డూపులొద్దు, అసలు కరాటే వాళ్ళే కావాలి," అన్నాడు. తమ్ముణ్ణి హీరోగా ఎంచుకున్నాడు. విలన్ పక్కనుండే ఆడమనిషి వేషానికి అక్కనడిగాడు.

"నాకెందుకురా ఈ వయసులో వేషాలు?" అంది అక్క.

"ఆఖరి ఫైటు నీతోనేనట. నువ్వయితేనే నా చెయ్యి సరిగ్గా ఆగుతుందక్కా. ఒప్పుకోవా?" అన్నాడు తమ్ముడు. వాడు చిన్నప్పుడు ఏదైనా అడిగినట్టే అడిగాడు. ఆవిడ సెలవు పెట్టింది.

పాత ధాన్యం గోడౌన్‌లో ఫ్యాక్టరీ సెట్టు వేశారు. మొదట్లో తమ్ముడు ప్యాకప్ చెప్పగానే తన దెబ్బలన్నీ వెతికి తీసుకునేవాడు. మర్నాడు భుజం లేచేది కాదు, టేకులు పాడయ్యేవి. డైరెక్టరు విసుక్కున్నాడు. "హీరో భుజం సలిపితే నా సినిమా పడకేస్తుంది. ఆఖర్న అన్నీ కలిపి తీసుకుందువుగానిలే." తమ్ముడికి ఆ మాట నచ్చింది. అక్క మాత్రం తనవి ఏ రోజువి ఆ రోజే తీసుకుంది. మిగిలిన వాటికి అందరూ అలవాటుపడ్డారు, తప్పుకుని నడిచేవాళ్ళు. లైట్‌మన్ ఒకడు తన తువ్వాలు ఒక దెబ్బకి తగిలించుకునేవాడు.

ఆఖరి ఫైటులో హీరో పిడికిలి అక్క గొంతు ముందు ఆగాలి. ఆగింది. చెమట కనబడలేదన్నాడు డైరెక్టరు. మళ్ళీ ఆగింది. కెమెరా కదిలింది. మళ్ళీ. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే దెబ్బ, అదే చోట. ఒకదాని మీద ఒకటి పేరుకుని, చివరికి ఆవిడ మెడ వెనక్కి వంచితే గాని తన చోటుకి ముగ్గుపిండితో గీసిన గుర్తు మీద నిలబడలేకపోయింది.

"ఇక్కడివి మాత్రం ఇవాళే తీసెయ్‌రా," అంది.

"ఒళ్ళు హూనమైపోయిందక్కా. రేపొచ్చి తీస్తా."

మిగతావి నలుగురూ సతాయిస్తే ఎలాగో తీశాడు. గొంతు దగ్గరివి అలాగే ఉండిపోయాయి. మర్నాడు పోస్టర్ల ఫొటోలన్నారు, ఆ తర్వాత వేరే ఊళ్ళో ఇంటర్వ్యూలన్నారు. అక్క డ్యూటీలో చేరిపోయింది. సెట్టు విప్పే వడ్రంగి ఆమెకి ఫోను చేశాడు.

"అమ్మా, ఆ దెబ్బలకి గుద్దుకుని మా వాడి కనుబొమ చీలింది. సోమవారం నుంచి గోడౌన్లోకి మళ్ళీ ధాన్యం దింపుతారంట. మూటలు మోసేవాళ్ళు తల వంచుకుని నడుస్తారు, వాళ్ళకేం తెలుస్తుంది చెప్పండి?"

ఆవిడ తమ్ముడికి చేసింది. "రేపు తప్పకుండానక్కా," అన్నాడు. మర్నాడూ అదే మాట. మూడోసారి ఫోను ఎవరో అసిస్టెంటు ఎత్తి, సార్ బిజీగా ఉన్నారన్నాడు.

ఆదివారం పొద్దుటి డ్యూటీ దిగి, యూనిఫాం మీదే గోడౌన్‌కి వెళ్ళింది.

"మీ తమ్ముడుగారు రావాలి గానీ మీరెందుకమ్మా?" అన్నాడు వడ్రంగి.

"వాడు రాడు, అన్నా." టికెట్ల మిషను భుజం నుంచి తీసి అతని చేతికిచ్చింది. "ఇది కాస్త జాగ్రత్త. కిందపడితే డిపోలో నన్ను తినేస్తారు."

చెరిగిపోయిన గుర్తు వెతుక్కుని నిలబడింది. గడ్డం పైకెత్తి ఒక్క అడుగు ముందుకేసింది. పెద్ద చప్పుడేం కాలేదు, ఎక్కిళ్ళొచ్చినట్టు చిన్న శబ్దం. కూలబడింది. వడ్రంగి నీళ్ళు తెచ్చాడు గానీ అవి లోపలికి దిగలేదు.

తమ్ముడు బుధవారం వచ్చాడు. మూటల మధ్య ఆ చోటు గుర్తుపట్టి అరచెయ్యి చాపాడు. ఏం తగల్లేదు. అటూ ఇటూ తడిమాడు. కూలీలు బరువులతో అతని పక్కనుంచి నిక్షేపంగా నడిచిపోతున్నారు. తన సామాన్లు కట్టుకుంటున్న వడ్రంగి తలెత్తకుండానే చెప్పాడు. "మీ అక్కగారు తీసుకున్నారు."

ఇంటికి పరిగెత్తాడు. అక్క మెడకి గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చునుంది. ఇక గొంతు రాదని డాక్టర్లు చెప్పేశారు. తర్వాత డిపోలో ఆమెని బస్సు దించి, ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులూ సంచులూ దాచే గదిలో వేశారు.

"వస్తానన్నాను కదక్కా! ఒక్క మూడు రోజులు ఆగలేకపోయావా?" అని ఏడ్చాడు. "తిట్టవే, అక్కా. ఏదో ఒకటి అను."

ఆవిడ నోరు తెరిచింది. గాలే వచ్చింది. చెయ్యి చాపి వాడి కుడిభుజం నొక్కి చూసింది, సలుపుతోందా అన్నట్టు. సలపడం లేదు.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. అందులో అక్క మాటలు ఎవరో డబ్బింగమ్మాయి చెప్పింది.

రెండో సినిమా మొదలైంది. మొదటి షాట్‌లో తమ్ముడి పిడికిలి విలన్ దవడ ముందు ఠక్కున ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కట్ చెప్పాక అతను వెనక్కొచ్చి అరచెయ్యి ఆనించబోయాడు. అక్కడ గాలి తప్ప ఇంకేమీ లేదు. ఇంకో టేకు చేశాడు, మళ్ళీ తడిమాడు. ఆ తర్వాత ఎన్ని వేసినా ఒక్కటీ నిలబడలేదు.

"పోన్లే, పీడా పోయింది! ఇక ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు," అన్నాడు డైరెక్టరు సంబరంగా.

తమ్ముడు పెద్ద స్టారయ్యాడు.