జ్వరం చూసిన చెయ్యి

పెద్ద వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన మరుసటి ఏడు. మా కోడలు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ముందుగదిలోంచి మావాడు, "టీచరమ్మగారి క్లాసు ఫస్టంట కదా. మాకు స్వీట్లు లేవా?" అన్నాడు. కోడలు నవ్వలేదు. ఈనె తీసిన కాయకే మళ్ళీ ఈనె తీస్తోంది.

నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను. నేను పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు. అందుకేనేమో నాకు చెప్పింది. తలెత్తకుండా, చేతిలో పని ఆపకుండా చెప్పింది.

ఆమె మూడో తరగతికి చెబుతుంది. వరదకి బడిలో మోకాలి లోతు బురద చేరింది. గోడలు ఆరి మళ్ళీ తలుపులు తీసేసరికి సగం ఏడు పోయింది. పిల్లల పుస్తకాలు పోయాయి, కొందరికి ఇళ్ళే పోయాయి. పరీక్ష మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. అన్ని బళ్ళకీ ఒకటే రోజు, ఒకటే ప్రశ్నల కాగితం. ఏ క్లాసుకి సగటున ఎన్ని మార్కులో పైనుంచి వస్తే హెడ్మాస్టరు అందరి ముందూ చదువుతాడు. అంతకుముందు పరీక్షలో ఈమె క్లాసు ఆఖర్న ఉంది. అందర్లో నిలబెట్టి, "నువ్వు ఇంట్లో చంటిపిల్లల్ని ఆడించుకోడానికి పనికొస్తావమ్మా" అన్నాడట. ఇంటికొచ్చి చెప్పుకుంటే మావాడు, "మానెయ్యరాదూ? టెంపరరీ ఉద్యోగానికి ఇన్ని తిట్లెందుకు? వంటైనా టైముకి అవుతుంది" అన్నాడు. ఆరోజూ వంట టైముకే అయింది. నాకు గుర్తే, వేడివేడిగా తిన్నాను.

ఆ బడిలో ఒక అలవాటుంది. పరీక్ష ముందురోజు టీచర్లు బెంచీల మధ్య తిరుగుతూ, చదవడం రాని పిల్లల నుదుటి మీద చెయ్యి వేస్తారు. ఒళ్ళు వెచ్చగా ఉంది, రేపు రావద్దు అంటారు. రాని పిల్లల మార్కులు సగటులో కలవవు. దీన్ని వాళ్ళు జ్వరం చూడటం అంటారట, నవ్వుకుంటూ. హెడ్మాస్టరు నోటితో ఏమీ చెప్పడు. పిల్లల ఆరోగ్యం కాస్త కనిపెట్టుకోండి అంటాడు, అంతే. మా కోడలు అంతకుముందెప్పుడూ చూడలేదు. అందుకే ఆఖర్న వచ్చింది.

ఈసారి చూసింది. ఒక్క పిల్లకే. పిచ్చుక అంటారు ఆ పిల్లని. సన్నగా ఉంటుంది, కుదురుగా కూచోదు. అక్షరం కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటుంది, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. చెయ్యి వేసే ముందు తను ఏమేం అనుకుందో కోడలు నా దగ్గర దాచలేదు. ఒక్కదాన్నే కదా అనుకుందట. మిగతావాళ్ళు క్లాసుకి అరడజను మందిని ఇంటికి పంపుతున్నారు, నేను పంపేది ఒక్కదాన్నే కదా అనుకుందట. ఈసారి పేరొస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తారు, అప్పుడు ఇంట్లో ఈ మానెయ్యి మానెయ్యి అనేది ఆగుతుంది, కుక్కరు కూతల మధ్య గట్టు మీద పుస్తకాలు దిద్దుకుంటుంటే "అవి తీసెయ్, పప్పులో పడతాయి" అనేవాళ్ళుండరు, ఒక గంట నాదంటూ ఉంటుంది, ఆ గంట ఈ పిల్లకే ఇస్తాను, ముందు ఈ పరీక్ష గడవనీ అనుకుందట. అనుకుంటూనే చెయ్యి వేసింది. నుదురు చల్లగా ఉంది. అప్పుడే మొహం కడుక్కొచ్చిందేమో, తడి కూడా తగిలింది. "వెచ్చగా ఉందే. రేపు రాకు" అంది. పిల్ల తన నుదురు తను తడిమి చూసుకుని, "అవును టీచర్" అంది.

ఫలితాలొచ్చాయి. క్లాసు ఫస్టు. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టించాడు.

నుదుటి మీద చెయ్యి వేసిన ఆ రోజు నుంచీ, చదవమని లేపితే చాలు, పిచ్చుక నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "టీచర్, నాకు వెచ్చగా ఉంది" అంటోందట. నాటకం కాదు. నిజంగానే నమ్మింది.

ఆరోజు మధ్యాహ్నమే పిల్ల తల్లి బడి గేటు దగ్గరికి వచ్చింది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పూట పని మానుకుని పిల్లని డాక్టరుకి చూపించి అట్నుంచే వచ్చిందట. డాక్టరు ఏమీ లేదన్నాడట. "మీ చేతికి తెలిసిన జ్వరం ఆయన మిషన్‌కి తెలీలేదమ్మా. మీరుండబట్టి సరిపోయింది గానీ, దాని ఒళ్ళు చూసే తీరిక నాకేదీ" అందట. పైగా దణ్ణం పెట్టిందట.

ఇది చెప్పేటప్పుడు కోడలి చేతులు ఆగిపోయాయి.

పరీక్షకి రాని పిల్లలకి మర్నాడు పొద్దున్న ఊరవతల పెద్దబడిలో మళ్ళీ పెడతారట. అదే ఆఖరు. టీచరే తీసుకెళ్ళాలి. ఎవరూ తీసుకెళ్ళరు. పరీక్ష రాసి తక్కువ మార్కులొచ్చిన పిల్లలకి వేరే టీచర్ని పెట్టి చదవడం నేర్పిస్తారు. రాయని పిల్లలకి ఆ సాయం ఉండదు, అలాగే పై తరగతికి తోసేస్తారు. రాస్తే పిచ్చుక మార్కులు క్లాసు సగటులో కలుస్తాయి. ఫస్టు పోతుంది. ఒళ్ళు బాగాలేదని ఎవరు పంపారు అని కూడా అడుగుతారు.

మావాడు ఎప్పుడొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడో. అంతా విన్నాడు.

"పర్మనెంటు చేతి దాకా వచ్చాక కాలదన్నుకుంటావా? ఊళ్ళో అందరూ చేసేదేగా?"

కోడలు ఇంకో కాయ అందుకుంది.

"అయినా రేపు పొద్దున్నే నాకు మీటింగు. డబ్బా కావాలి. నాన్నకి టిఫిన్ ఎవరు పెడతారు? ఆ పిల్ల నీ కన్నకూతురా ఏమిటి, అంత బాధ పడిపోతున్నావ్?"

కోడలు నా వైపు చూసింది. "మావయ్యా, మీరేమంటారు?" అంది. ఈ ఇంటికొచ్చాక ఆమె నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. ఉప్పు సరిపోయిందా అనో, ఇంకాస్త వడ్డించనా అనో అడిగేది గానీ ఇలాంటిది అడగలేదు. నేను నేల వంక చూశాను. సమయానికి అందివ్వని మాట ఎందుకూ పనికిరాదు, అది అప్పుడే తెలిసింది.

ఆమె చిక్కుడుకాయల బుట్ట పక్కకి నెట్టి లేచింది. చేతులు కడుక్కుంది. గొంతు పెంచలేదు.

"ఆ పిల్లకి జ్వరం లేదండీ. ఉందని చెప్పింది నేను. లేదని చెప్పాల్సిందీ నేనే. ఇంకెవరు చెప్పినా అది నమ్మదు."

మావాడు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టి, పిల్ల తల్లికి చెప్పిరావడానికి లాండ్రీ వైపు వెళ్ళింది.

మర్నాడు నేను లేచేసరికి కోడలు లేదు. పొయ్యి వెలిగించి బియ్యం పడేశాను. నీళ్ళెన్ని పొయ్యాలో తెలీక ఎక్కువే పోశాను. మావాడు తల దువ్వుకుంటూ వచ్చి, "డబ్బా ఏది?" అన్నాడు. కత్తీ చిక్కుడుకాయలూ వాడి ముందు పెట్టాను. వాడు నా మొహం కేసి చూసి, కూచుని తరిగాడు. కూర పొయ్యి మీదికెక్కాక ఉప్పు కోసం వెతికాం. గట్టు మీద లేదు, అలమరలో లేదు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తింటున్నాం, ఉప్పు ఎక్కడుంటుందో ఇద్దరికీ తెలీదు. వాడు, "ఉండు, దాన్నే అడుగుతా" అని ఫోన్ తీశాడు.

అప్పటికి పరీక్ష మొదలై ఉంటుంది. పిచ్చుక పక్కన ఆమె నిలబడి ఉంటుంది. ఫోన్ వాడి చేతిలోంచి తీసుకుని నా జేబులో వేసుకున్నాను. చప్పిడి కూరే డబ్బాలో పెట్టి ఇచ్చాను.