దుప్పటికి అవతలి కొస

టీచరమ్మ ఎడమ చేతిలోంచి దుప్పటి కొస మళ్లీ జారిపోయింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి. ఆమె వంగి, కుడి చేత్తో దాన్ని అందుకుని లేచేదాకా ఇవతలి కొసలు పట్టుకున్న ఆమె జోడీ, ఇద్దరిలో వయసులో చిన్నది, కదలకుండా నిలబడింది. ఆమె నిలదొక్కుకోగానే తన వైపు నుంచి ఒక్క గుంజు గుంజింది. టీచరమ్మ ఒకడుగు ముందుకు తూలింది. చిన్నదానికి కసి కొంచెం తీరినట్టయింది.

ఆసుపత్రి కింది అంతస్తులో ఉన్న ఆ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడం ఇద్దరి పని. ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలు పట్టుకోవాలి. గుంజి ముడతలు తీయాలి. నిలువుగా రెండు మడతలు వేసి, ఒకరి వైపు ఒకరు నడిచి కొసలు కలపాలి. అప్పుడు వేళ్లకు వేళ్లు తగులుతాయి, ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుంది. ఇంకొక్క మడతతో నాలుగూ పూర్తవుతాయి. రోజుకు మూడు నాలుగు వందల దుప్పట్లు. అన్నిసార్లూ ఆ ఇద్దరూ దగ్గరకు వచ్చి, మొహాలు తిప్పుకుని, వెనక్కి వెళ్తారు. పదకొండు నెలలుగా ఇదే వరస. "అత్తాకోడళ్లు కూడా మీకన్నా నయం తల్లీ," అంటాడు ఆరబెట్టే యంత్రం దగ్గరుండే బాబాయి. టీచరమ్మ నవ్వుతుంది. చిన్నది నవ్వదు.

ఇద్దరిదీ ఒకే చర్చి. పెద్దావిడ అక్కడ ఇరవై ఏళ్లుగా ఆదివారం బడి నడుపుతోంది, అందుకే లాండ్రీలో కూడా ఆమె టీచరమ్మే. ఒకప్పుడు చిన్నది ఆమెను పెద్దమ్మా అని నోరారా పిలిచేది. దుప్పటి మడుస్తూ పెద్దావిడ బైబిలు వాక్యం పలికేది, మడతకొక ముక్క చొప్పున. నాలుగో మడతకు వాక్యం పూర్తయ్యేది. చిన్నది వెంటవెంటనే అనేది. అలా మడుస్తున్నప్పుడే ఒకరోజు, ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పుకుంది. తను అయిదో తరగతిలోనే బడి మానేసింది, తమ్ముళ్లను ఎత్తుకోవడానికి. చదువు రాకపోలేదు. కూడబలుక్కుంటూ చదవాలి, అంతే. బిడ్డకు దేవుడి మాటలు నేర్పాలంటే భయం. తన అరకొర చదువు మూలంగా పాప దేవుడి దగ్గర కూడా వెనకబడిపోతుందేమోనని.

ఆ తరువాతి ఆదివారమే టీచరమ్మ తల్లిదండ్రులను కూర్చోబెట్టింది. "వారానికి ఒక్క గంట నేను నేర్పితే ఏం మిగులుతుందమ్మా? తక్కిన రోజులన్నీ ఇల్లే బడి. మీరే టీచర్లు," అని చెప్పి, అందరికీ వాక్యాలు అచ్చువేసిన చిన్న కార్డులు పంచింది. చిన్నదాని వంతు వచ్చేసరికి సంచీలోంచి వేరే అట్ట తీసింది. పలకంత అట్ట. ఒక్కో అక్షరం బొటనవేలంత. పైన చిల్లు, ఆ చిల్లుకు లాండ్రీ దారం.

"ఇది నీకోసం ప్రత్యేకంగా రాశానమ్మాయ్. నీకు చదువుకోను వీలుగా ఉంటుంది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "దారం కూడా కట్టిందే! మెళ్లో వేసుకోడానికా?" అని ఇంకెవరో. నవ్వులు. పాప తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపు చిన్నదాని గుండెలో ముల్లై దిగబడిపోయింది.

చర్చి మెట్ల దగ్గర పెద్దావిడ వెంటపడి వచ్చింది. "అమ్మాయ్, అది ఎందుకంటే..."

"ఇంక నాతో మాట్లాడకండి."

ఆ తరువాత కూడా ఆమె రెండు మూడుసార్లు నోరు తెరిచింది. చిన్నది కావాలనే యంత్రం మోత వైపు తల తిప్పేసుకుంది.

అట్టను మాత్రం పారెయ్యలేదు. రోజూ తెచ్చుకునే సంచీ అడుగున దాచింది. రేపే ఆ రోజు. ఇంట్లో నేర్చుకున్నది పిల్లలు అందరి ముందూ అప్పజెప్పే ఆదివారం. ప్రేమ ఏమేం చేస్తుందో, ఏమేం చెయ్యదో వరసగా చెప్పే ఆ పెద్ద వాక్యభాగం మొత్తం పాప చెబుతుంది. ఎవరు నేర్పారని టీచరమ్మ అడుగుతుంది, అందరినీ అడుగుతుంది. మా అమ్మ అంటుంది పాప. అప్పుడు తను లేచి, నడిచి వెళ్లి, అట్ట ఆమె చేతిలో పెట్టి, "ఇది మీరే ఉంచుకోండి," అంటుంది. ఆ మూడు మాటలనూ చిన్నది వాక్యం కన్నా ఎక్కువసార్లు వల్లించింది.

పొద్దున కూడా ఉతికిన బట్టలు మంచం మీద పోసి పాపను ఎదురుగా నిలబెట్టింది. మడతకొక ముక్క. ఆ పద్ధతి ఎవరిదో ఆమె ఎప్పుడూ తలచుకోలేదు. ప్రేమ ఇతరులు చేసిన కీడును మనసులో పెట్టుకోదన్న చోట పాప ఎప్పటిలాగే తడబడింది.

"మళ్లీ!" అని కసిరింది చిన్నది.

"నువ్వట్లా చూస్తే నాకు వచ్చింది కూడా పోతుందమ్మా."

గడ్డం గీసుకుంటున్న మొగుడు అద్దంలోంచి చూశాడు. "దానికి వాక్యం నేర్పుతున్నావా, కత్తి నూరుతున్నావా?"

"రెండూ," అంది చిన్నది.

లాండ్రీలో నాలుగోసారి కొస జారింది. టీచరమ్మ ఈసారి వెంటనే వంగలేదు. తన ఎడమ చేతిని, ఎవరిదో అన్నట్టు, చూసుకుంది. ఏదో అంది. మాట ముద్దగా వచ్చింది. చిన్నది వినలేదు. వినకపోవడం ఈ పదకొండు నెలల్లో ఆమెకు చేతి పనిలా అలవాటైంది. పెద్దావిడ పెదవి ఒక పక్కకు లాక్కుపోయి ఉంది. వెటకారంగా నవ్వుతోందనుకుంది చిన్నది. నవ్వు, రేపు చూద్దాం, అనుకుని ఇంకా గట్టిగా గుంజింది.

మూడు మడతలయ్యాక టీచరమ్మ దుప్పటి వదిలేసి, వెనక ఉన్న బట్టల గుట్ట మీద కూర్చుంది. తల గోడకు ఆనించింది. పని ఎగ్గొట్టడానికి ఇదొక ఎత్తు అనుకుంటూ చిన్నది తన కొసలు పట్టుకునే నిలబడింది, ముందు తను పిలిస్తే ఓడిపోయినట్టు. చివరికి టీ పట్టుకొచ్చిన బాబాయే గ్లాసు కింద పడేసి కేకపెట్టాడు.

పై అంతస్తు నుంచి చక్రాల మంచం వచ్చింది. ఆమె మీద కప్పిన దుప్పటికి మడతల గీతలు ఇంకా పోలేదు. వాళ్లిద్దరూ మడిచినదే.

మధ్యాహ్నం బాబాయి ఒక్కడే దిగి వచ్చాడు.

"టీచరమ్మ పోయింది తల్లీ. ఎడం పక్క పొద్దున్నే పడిపోయుంటుందట. ఎవరన్నా అప్పుడే చూసుంటే..." అని, చిన్నదాని మొహం చూసి ఆగిపోయాడు.

చిన్నదానికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఒక్క రోజు. ఒక్కటంటే ఒక్క రోజు ఆగలేకపోయిందా ముసల్ది! రేపు పాపను ఎవరడుగుతారు? తను ఎవరి ముందుకు నడిచి వెళ్లాలి? పగ తీర్చుకున్నది తను కాదు, ఆవిడే అనిపించింది.

సాయంత్రం టీచరమ్మ కోడలు వచ్చి, అత్త నిలబడే చోటికి వెనక స్తంభానికి వేలాడుతున్న చేతిసంచీ తీసుకుపోయింది. బోసి మేకు మిగిలింది. చిన్నది తన సంచీ అడుగు నుంచి అట్ట లాగింది. ఇవ్వాల్సిన చోటే ఇచ్చేస్తా, పోయినా సరే, అనుకుంది. విసురుగా వెళ్లి దాన్ని ఆ మేకుకు తగిలించింది. దారం సరిగ్గా సరిపోయింది.

తిరిగి తన చోటుకు వచ్చింది. ఆగిపోయిన దుప్పటి కొసలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని తల పైకెత్తింది.

దుప్పటి పొడవంత దూరంలో, బొటనవేలంత అక్షరాలు. కూడబలుక్కునే పని లేదు. చేతులు ఖాళీ లేకపోయినా, అడుగు కదపకపోయినా, ఇవతల నిలబడ్డవాళ్లకు ఒక్కొక్కటీ కనిపిస్తోంది. నాలుగు వరసలు. మడతకొకటి. అవతల నిలబడే మనిషికి అది వీపు వెనక. ఆమెకు చూడాల్సిన అవసరం లేదు.

"చెప్పొచ్చుగా," అంది చిన్నది, పళ్ల బిగువున. "ఒక్క ముక్క చెప్పొచ్చుగా పెద్దమ్మా!"

యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి. బాబాయి దీపాలు ఆర్పుతూ వచ్చి, ఆమె చేతుల్లోంచి దుప్పటి మెల్లగా తీసి బల్ల మీద పెట్టాడు. "పొద్దుపోయింది, ఇంటికెళ్లు. పాప ఎదురుచూస్తుంటుంది," అన్నాడు.

తలుపు దగ్గర నుంచి కూడా అట్ట కనిపిస్తూనే ఉంది. మేకుకు కొద్దిగా ఊగుతూ, పాప ఎప్పుడూ తడబడే ఆ చివరి వరసతో సహా.