ఐసు తినేసిన వేళ్లు

"తడి తుడుచుకుని మళ్లీ పెట్టమ్మా."

రామలక్ష్మి కొంగుకి బొటనవేలు రుద్దుకుని ఎనిమిదోసారి పెట్టింది. వేలిముద్రల మిషను మళ్లీ ఎర్రగా వెలిగింది. వెనకాల స్ట్రెచర్ మీద మొగుడు రత్తయ్య. పొద్దున గిలకలదిండి హార్బర్లో బోటుకీ జెట్టీకీ మధ్య పడి కాలు నుజ్జయింది. చుట్టిన లుంగీలోంచి నెత్తురు ఆ ప్రైవేటు ఆసుపత్రి తళతళలాడే గచ్చు మీద చుక్కలుగా పడుతోంది.

"కార్డు మీ పేరున ఉంది. ముద్ర పడకపోతే ఇన్సూరెన్సు కంపెనీ ఒప్పుకోదండీ" అన్నాడు కౌంటర్లో ప్రేమ్ సాగర్.

"ఇరవయ్యేళ్లు ఐసులో చెయ్యి పెట్టి రొయ్యలు ఏరిన మనిషికి వేలి మీద గీతలెక్కడుంటాయయ్యా? చూస్కో!" అని అరిచాడు నాగుల్ మీరా. హార్బర్లో ఐసు కొడతాడు, యూనియన్ మనిషి. వెంటొచ్చిన పద్నాలుగు మంది ఆడవాళ్లూ వరసగా వేళ్లు పెట్టారు. ఒక్కరిదీ పడలేదు. కార్డులు అందరికీ ఉన్నాయి. కూలీలోంచి ప్రీమియం కోసుకునేటప్పుడు మాత్రం ఏ ముద్రా అడగలేదు దొంగనాయాళ్లు.

బోటు ఓనరు శోభనాద్రి గొంతు తగ్గించాడు. "గొడవెందుకు మీరా? కంపెనీకి మెయిల్ పెట్టారు, సాయంత్రానికి చెప్తారు. సర్కారు ఆసుపత్రిలో బొద్దింకలు తప్ప ఏవున్నాయి?"

రామలక్ష్మికి చెంప మీద కొట్టినట్టయింది. అది తన మాటే. పోయినేడు సర్కారు ఆసుపత్రిలో ఎముకల డాక్టరు రిటైరైతే, ఆ పోస్టు నింపమని మీరా సంతకాలకి తిరిగాడు. "కార్డుండగా ఆ బొద్దింకల్లోకి ఎవరెళ్తారన్నయ్యా?" అని నవ్వింది తను. రొయ్యల పాకంతా నవ్వింది.

"సాయంత్రం దాకా మనిషుండాలిగా!" అంది. "పట్టండే స్ట్రెచర్!"

"అది మా ఆసుపత్రిదండీ!"

"మా ప్రీమియంలో కోసుకో!"

సర్కారు ఆసుపత్రిలో నర్సు విజయకుమారి కార్డు అడగలేదు, వేలు అడగలేదు. నెత్తురాపింది, సెలైన్ ఎక్కించింది. "ఆపరేషన్ థియేటరుందమ్మా. కొయ్యడానికి చెయ్యే లేదు" అంది తల దించుకుని.

గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారంతా. కబురు హార్బరుకి చేరింది. వేలంపాట ఆగింది. ఐసు మిల్లు ఆగింది. బోట్లలోంచి ఒక్క చేప దిగలేదు. పోలీసులొచ్చి మీరాని వ్యానెక్కించారు. అయినా ఎవరూ కదల్లేదు, వ్యాన్నీ కదలనివ్వలేదు. సరుకు మురిగిపోతుంటే ఓనర్ల ఫోన్లు పైవాళ్లకి మోగాయి. మనిషి ప్రాణం పోతుంటే మోగని ఫోన్లు! మధ్యాహ్నానికల్లా గుడివాడ నుంచి ఎముకల డాక్టరు కార్లో దిగాడు.

రత్తయ్య కాలు మోకాలి దాకా తీసేశారు. ప్రాణం నిలబడింది.

డాక్టరు వెంట వచ్చిన ఆరోగ్యశాఖ ఆఫీసరు బయటికొచ్చి చెమట తుడుచుకున్నాడు. "మీ పనైపోయింది గదమ్మా, లేవండి. డాక్టరుగారు తిరిగి వెళ్లాలి."

"ఎక్కడికండీ వెళ్లేది?" అంది రామలక్ష్మి. "రేపు ఇంకో కాలొస్తుంది. డాక్టరుగారు ఇక్కడే ఉంటారని కాయితం రాసివ్వండి, లేస్తాం."

"అరెస్టు చెయ్యాల్సొస్తుంది."

రామలక్ష్మి లేచింది. తిన్నగా వెళ్లి వ్యానెక్కి మీరా పక్కన కూర్చుంది. ఆమె వెనక తోటి కూలీ జాన్‌బీ. జాన్‌బీ వెనక పాకలో ఆడవాళ్లంతా. వ్యాను నిండింది. కానిస్టేబుల్ ఎంత తోసినా తలుపు పడలేదు. హార్బరు వైపు నుంచి ఆటోలు ఇంకా వస్తూనే ఉన్నాయి.