రేకు తొడగని ఉంగరం

ప్రొద్దుటూరులో ఆదినారాయణ బంగారు కొట్టు తలుపు హజరాబీని ఒక్కనాడైనా నమ్మిన పాపాన పోలేదు. ఆసిడ్‌లో, కుంకుడు రసంలో నగలకు మెరుగు పెట్టీ పెట్టీ ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. తలుపు పక్క మిషన్ మీద ఏ వేలు పెట్టినా ఎర్రలైటే. సేల్స్‌మన్ ఖలీల్ వచ్చి తన వేలు పెట్టి, "మనామేలే, పోనీ" అని తలుపుతో ఎకసెక్కంగా చెబితే గానీ ఆమెకు దారి లేదు. అందరూ నవ్వేవాళ్లు. ఆ మిషన్ మార్చమని ఆమె రోజూ ఆదినారాయణ ప్రాణం తీసేది.

ఆమె పోరు పడలేక ఆదినారాయణ ఆ మిషన్ పీకించేసి, అందరికీ చిప్పు ఉంగరాలు తెప్పించాడు. తలుపుకు చెయ్యి చూపిస్తే చాలు, మనిషెవరో ఉంగరమే చెబుతుంది. తనది వదులైతే హజరాబీ దారం చుట్టుకుంది. మొదటిసారి పచ్చలైటు వెలిగినప్పుడు, అబ్బ, ఆమె సంబరం చూడాలి! పనేమీ లేకపోయినా ఊరికే బయటికెళ్లి లోపలికొచ్చింది.

ఆదినారాయణకు మాత్రం నల్లటి ఆ ఉంగరం కంటికి ఆనలేదు.

"బంగారు కొట్టోళ్లం, చేతికి ఈ బొగ్గుముక్కేంది? అందరూ ఇయ్యండి. రేపటికల్లా పైన బంగారు రేకు తొడిగిస్తా."

అందరూ తీసిచ్చారు. హజరాబీ పిడికిలి బిగించింది.

"నేనియ్యనప్పా. రాకరాక వచ్చింది. ఒక్క పూట గూడా ఇడిచిపెట్టను."

"బంగారం వద్దనేదాన్ని ఈ ఊళ్లో నిన్నే చూస్తాండా," అని నవ్వాడాయన.

మర్నాడు షట్టరు ఎత్తి, ఆదినారాయణ ధగధగలాడే చెయ్యి అద్దం తలుపుకు చూపించాడు. ఎర్రలైటు. ఖలీల్ చూపించాడు. ఎర్రలైటే. ఊదినా, చొక్కాకు రుద్దినా అంతే. కంపెనీకి ఫోన్ చేస్తే, "రేకు తొడిగితే చిప్పు మాట బయటికి రాదండీ" అన్నారు. పెళ్లి నగల కోసం జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్లు మెట్ల మీదే కూలబడ్డారు.

అప్పుడే హజరాబీ ఆటో దిగింది.

"ఏందప్పా, అందరూ ఈడే నిలబడినారు?"

"తలుపు మమ్మల్ని గుర్తుపట్టల్యా," అన్నాడు ఆదినారాయణ, చెయ్యి వెనక దాచుకుంటూ.

హజరాబీ పకపకా నవ్వి, దారం చుట్టిన ఉంగరం చూపించింది. పచ్చలైటు వెలిగింది. తలుపు రెక్క పట్టుకుని పక్కకు జరిగి, ముందు ఆదినారాయణను, వెనక ఖలీల్‌ను లోపలికి పంపుతూ తలుపుతో అంది:

"మనోళ్లేలే, పోనీ."