ఒట్టి డబ్బా

కోవిల్‌పట్టిలో పాపమ్మాళ్ ఇంటి కంప్యూటర్ మొరాయించింది. విరుదునగర్‌లో ఉండే వియ్యపురాలు కర్పగం, కంప్యూటర్‌ని నడిపించే, ఉచితంగా దొరికే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేయించి, స్టీలు డబ్బాలో పెట్టి పంపింది. కంప్యూటర్ లేచి కూర్చుంది.

అసలు తంటా అప్పుడే మొదలైంది. వచ్చిన డబ్బాను ఖాళీగా తిప్పి పంపడం పాపమ్మాళ్ వంశంలోనే లేదు. నిండా వేరుశనగ మిఠాయి పెట్టి పంపింది. కర్పగం ఏమైనా తక్కువ తిన్నదా? అదే డబ్బాలో ఇంకో రకం లైనక్స్ పంపింది. మిఠాయి వెళ్లడం, లైనక్స్ రావడం. వారం వారం ఇదే వరస. తన కంప్యూటర్లో చోటు చాలక పాపమ్మాళ్ ఇంటింటికీ తిరిగి పంచిపెట్టింది. వద్దన్న వాళ్లతో మాట్లాడడం మానేసింది.

ఒకరోజు, ఎవరి కంప్యూటర్లో ఏముందో సర్వే చేస్తూ రామ్‌కుమార్ అనే కుర్రాడు వచ్చాడు. దగ్గర్లోని ఏళాయిరంపన్నై ఊరి తెలుగువాడే.

"జిల్లాలో యాడా లేదవ్వా, మీ వీధిలోనే అందరూ లైనక్స్ పెట్టుకున్నారు. అంత బాగుంటుందా?"

"బాగుండేది, బాగలేనిది నాకేమి తెలుసు నాయనా? ఒట్టి డబ్బా ఎట్ల పంపేది?"

అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. పాపమ్మాళ్ లోపలికి వెళ్లి, తన డబ్బా ఒకదానిలో పెన్‌డ్రైవ్ పెట్టి, మూత నొక్కి అతని చేతిలో ఉంచింది.

"డబ్బా మెల్లగా తెచ్చియ్యి. ఒట్టిది మాత్రం తేవద్దు."