రుతుజ కణాల ఉపవాసం

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. తప్పులుంటే మన్నించండి. చెయ్యి నిదానం, ఇది రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

కామాటిపుర తొమ్మిదో గల్లీలో వజ్రమ్మను ఎరగని వాళ్లు లేరు. నలభై ఏళ్లు కట్టడాల మీద ఇటుకలు మోసింది. ఆమె మనవరాలు రుతుజ పరిశోధనశాలలో కణాలు పెంచుతుంది. ఆషాఢ ఏకాదశినాడు ఆ పిల్ల వరండాలో ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"ఏమైందే?"

"రేపు సార్‌కు చూపియ్యాలె, అవ్వా. మళ్ల తప్పొస్తే నా పని ఇంకొకరికి ఇస్తనన్నడు."

"ఏం పనో నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"కణంల ఒక ఎంజైమ్ ఉంటది. మేస్త్రి అనుకో. అమైనో ఆమ్లాలు ఇటుకలు. ఇటుకలు దిగినయని కణం కనిపెడతది. అప్పుడు మేస్త్రి లేచి లైసోసోమ్ అనే చిన్న సంచి మీదికి పోతడు. ఆడ ఉంటేనే పని షురూ, కణం పెరుగుతది. ఇటుకలు అయిపోతే దిగిపోతడు, పని బంద్."

"అంతేగదా. ఇటుకలు లేని కాడ ఎవడు నిలవడతడు?"

"నావాడు నిలవడ్డడు. కణాలను ఉపాసం పెట్టిన. అయినా రంగేసి చూస్తే సంచుల మీదనే చుక్కలు చుక్కలుగ కనవడుతుండు."

పక్క గది శాంతాబాయి రెండో పళ్లెం సాబూదానా (సగ్గుబియ్యం) ఖిచిడీ తింటోంది. మంచినీళ్లతోనే ఉపవాసం గడిపే వజ్రమ్మ అటు చూసింది.

"ఈమెది గూడ ఉపాసమే. పల్లీలు, ఆలుగడ్డ, నెయ్యి. ఒక్క అన్నమే లేదు."

"దేవుడు నిన్నడగమన్నాడా, వజ్రక్కా?" అంది శాంతాబాయి, పళ్లెం వదలకుండా.

వజ్రమ్మ మనవరాలి వైపు తిరిగింది. "ఏం తీసేసినవో కాదే, ఏం పోసినవో చెప్పు."

"నీళ్లు, ఉప్పులు, చక్కెర, విటమిన్లు. మీదికెల్లి నెత్తురులకెల్లి తీసిన సీరం..."

రుతుజకు అప్పుడు తట్టింది. మామూలు సీరంలోనూ అమైనో ఆమ్లాలుంటాయి. అవి తీసేసిన సీరం సీసా వేరే, అదే అరలో ఉంది. తను పోసింది మామూలుది.

మరుక్షణం చెప్పులేసుకుని, ఆ సీసాతో మళ్లీ చేద్దామని గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు పరుగు తీసింది.

మర్నాడు సోమవారం పొద్దున సార్ చాలాసేపు సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు. ఆకలితో ఉన్న కణాల్లో రంగు అంతటా పలుచగా పరుచుకుని ఉంది. అమైనో ఆమ్లాలు తిరిగి పోసిన వాటిలో అదే రంగు చుక్కలై సంచుల మీదికి చేరింది.

"పని నీదే. కానీ సీరం సంగతి ఎవరు పట్టారు?"

నేనే అంటే కాదనేవాళ్లెవరూ లేరక్కడ. "మా అవ్వ సార్. ఇటుకలు మోసేది," అంది రుతుజ.

"ఒకసారి తీసుకురా."

గురువారం వజ్రమ్మ పెట్టెలోంచి పచ్చ పట్టుచీర తీసి కట్టుకుని వెళ్లింది. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి చూసింది. సార్ లేచి తన కుర్చీ ఆమెకు వేశాడు. ఆమె వద్దనలేదు, తీరిగ్గా కూర్చుంది.

వెంకటమ్మ, వయసు డెబ్బై మూడు. మునుపు ఆ గల్లీలోనే ఉండేదాన్ని, ఇప్పుడు నాగ్‌పాడాలో కూతురి దగ్గర ఉంటున్నాను.